బాలింతని వదిలేసి పాలు మోసుకెళ్ళాం

వరద ప్రాంతానికి వెళ్ళొచ్చానని తెలిసినప్పటి నుంచి మావాళ్ళు నన్ను రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. ఒకటి, అమెరికాలో కూడా వరదలొస్తాయా అని. రెండు, అక్కడ తిండికి ఏం చేశారని. మొదటిదానికి జవాబు తేలిక. వస్తాయి. కొండల మధ్య వాగు పక్కన ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ మీదికి ఏ దేశంలోనైనా వస్తాయి. రెండోదానికి జవాబు ఇందులో అక్కడక్కడా దొరుకుతుంది. ఎవరూ అడగని ప్రశ్న ఇంకొకటుంది: అసలు మీరు వెళ్ళి ఏం చేశారు? అది అడిగితే మాత్రం నేను నీళ్ళు నములుతాను. అందుకే రాయడానికి కూర్చున్నాను, రాస్తే నాకైనా అర్థమవుతుందేమోనని.

మేము వెళ్ళింది వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక చిన్న ఊరికి. ఊరి పేరు రాయను. మీరు కలవబోయే అమ్మాయికి కైలీ అని పేరు పెట్టాను, అసలు పేరు అది కాదు.

ఎడిసన్‌లో డబ్బాలు

అమెరికాలో మేముండే ఎడిసన్‌లో మాదొక చిన్న తెలుగు చర్చి. సగం మందిమి రేపల్లె, బాపట్ల వైపు వాళ్ళం. వరద అన్న మాట వినబడితే చాలు, మాలో పెద్ద వయసు ఆడవాళ్ళు కొంగు బిగించి లేస్తారు. చిన్నప్పుడు తుఫానులకి బడి వరండాల్లో తలదాచుకున్నవాళ్ళు కదా. టీవీలో ఆ కొండ ఊళ్ళు చూపించిన ఆదివారమే మా స్త్రీల సమాజంలో నిర్ణయం అయిపోయింది. తల్లులకీ పసిపిల్లలకీ సామాను తీసుకెళ్ళాలి.

ఏం కావాలని అక్కడివాళ్ళని ఎవరమూ అడగలేదు. బాలింతకి ఏం కావాలో మాకు ఒకరు చెప్పాలా? కాటన్ నైటీలు, తలకి కట్టుకునే స్కార్ఫులు, చెవుల్లోకి దూది, కాళ్ళకి మేజోళ్ళు, శొంఠిపొడి, వెల్లుల్లి కారప్పొడి. వాటికి తోడు పాలపొడి డబ్బాలు, లెక్కలేనన్ని. చర్చి వ్యాన్‌లో పన్నెండు మంది కూర్చోవచ్చు. సీట్ల మీదా, సీట్ల కిందా, కప్పు తగిలేదాకా సర్దితే ముగ్గురికి చోటు మిగిలింది.

ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. పక్క ఊరు పిస్కాటవేలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. సీసా మీద లేబుల్ సరిగ్గా ఉందా, దారిలో చల్లదనం తగ్గిందా అని చూడటమే నా ఉద్యోగం. లేబుల్ కాస్త చినిగినా నిర్దాక్షిణ్యంగా వెనక్కి పంపిస్తాను. ఆఫీసులో నన్ను చూస్తే కుర్రాళ్ళు దారి మార్చుకుంటారు. ఈ గొప్ప ఇప్పుడెందుకు చెప్తున్నానో మీకే తెలుస్తుంది.

రెండో మనిషి సువార్తమ్మ ఆంటీ. రేపల్లె మనిషి, ఇక్కడ కూతురి దగ్గర ఉంటారు. మా చర్చిలో పుట్టిన పిల్లల్లో చాలామందికి కాళ్ళ మీద పడుకోబెట్టి నీళ్ళు పోసింది ఆవిడే. డాక్టరు మాట ఎవరైనా దాటుతారేమో గానీ, బాలింత విషయంలో ఆవిడ మాట దాటినవాళ్ళని నేను చూడలేదు. మూడో మనిషి విక్టర్, ఖమ్మం అబ్బాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వ్యాన్ నడపడం సరదా.

దారిలో బిస్కెట్లు

పెన్సిల్వేనియా దాటి మేరీల్యాండ్ కొండల్లో పడ్డాక ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగాం. పక్కనే చిన్న హోటల్. బోర్డు మీద బిస్కెట్లు అని ఉంటే, టీలో ముంచుకోవడానికి బాగుంటాయని ఆంటీ మూడు ప్లేట్లు చెప్పించారు. మెత్తటి బన్ను లాంటి రొట్టె, దాని మీద తెల్లటి చిక్కటి గ్రేవీ పోసుకుని వచ్చింది.

"ఇదేం బిస్కెట్టే అమ్మాయ్, గంజి పోసి తెచ్చారు!" అన్నారు ఆంటీ. అని, ప్లేటు ఖాళీ చేశారు.

"రేటు చూడక్కా. ఎడిసన్‌లో ఒక మసాలా దోసె పైసలకి ఈడ ఇద్దరం తినొచ్చు," అన్నాడు విక్టర్.

వరద ఊరికి వెళ్తున్నామని తెలిశాక హోటలామె కాఫీకి డబ్బు తీసుకోలేదు. మా బల్ల దగ్గరే నిలబడి తన మోకాలి ఆపరేషను, కూతురి విడాకులు, కుక్క చచ్చిపోవడం అన్నీ చెప్పింది. మన వైపు కొత్తవాళ్ళు కనబడితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని ముందు అవతలి వాళ్ళ సంగతులు లాగుతాం. ఈ కొండల్లో మనల్ని ఏమీ అడగరు, తమ సంగతులన్నీ చెప్పేస్తారు. ఏది మర్యాదో నాకు తేలలేదు. ఆంటీకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, తగిన చోటల్లా "అయ్యయ్యో" అంటూనే ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఆమె ఆంటీనే కౌగిలించుకుంది.

బడి ఆవరణ

ఊళ్ళోకి దిగేసరికి మధ్యాహ్నమైంది. మా వైపు వరద వస్తే రోజుల తరబడి నీళ్ళు నిలుస్తాయి. ఇక్కడ నీళ్ళు ఒక్క పూటలో వచ్చి, అంతా ఊడ్చుకుని వెళ్ళిపోయాయి. బురద మిగిలింది. చెట్టు కొమ్మల్లో పిల్లల సైకిలు ఇరుక్కుని ఉంది. ఒకాయన ఇంటి ముందు తాడు కట్టి, తడిసిన పెళ్ళి ఫొటోలు క్లిప్పులు పెట్టి ఆరేస్తున్నాడు. ఆ ఇంటికి ఎదురుగా బర్గర్ల దుకాణం మామూలుగా నడుస్తోంది, కార్లు వరసలో ఉన్నాయి. మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక నేను కిటికీ అద్దం ఎత్తేశాను.

బడిలో మొదట్లో జనాన్ని ఉంచారట. తర్వాత వాళ్ళని మోటెళ్ళకి పంపి, బడిని సామాన్లకి వాడుతున్నారు. ఆవరణలో ఒక పెద్ద బస్సు ఆగి ఉంది. తల్లీపిల్లల వైద్యానికి బస్సునే క్లినిక్‌గా మార్చారు. ఆసుపత్రికి వెళ్ళే దారులు తెగిపోయాయి కదా, గర్భిణులకీ బాలింతలకీ ఆ బస్సే దిక్కు. దాని నర్సు బెవ్. అరవై ఏళ్ళుంటాయి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని ఉంది.

నేను గర్వంగా వ్యాన్ తలుపు తెరిచాను. పాలపొడి డబ్బాల గుట్ట చూసి బెవ్ అందులోంచి ఒకటి చేతిలోకి తీసుకుంది.

"హనీ, ఈ పొడి కలపడానికి నీళ్ళెక్కడివి?" అంది మెల్లగా. "కుళాయి నీళ్ళు కాచకుండా వాడొద్దన్నారు. మోటెల్ గదుల్లో పొయ్యి ఉండదు. సీసాలో కలిపి ఉన్న పాలయితే మూత తీసి పట్టొచ్చు."

"మేము ఇది ఆలోచించలేదు," అన్నాను.

"ఎవరూ ఆలోచించరు. లోపలికొచ్చి చూడు."

బడి జిమ్‌లో, అంటే ఆటల హాల్లో, ఒక గోడ పొడుగునా అవే డబ్బాలు పేర్చి ఉన్నాయి. మా వాటిని కూడా అక్కడే పేర్చాం. బెవ్ ఇంకో సంగతి కూడా చెప్పింది. చనుబాలు ఇస్తున్న తల్లి భయపడి ఉన్నప్పుడు చేతికి డబ్బా ఇస్తే, తన పాలు చాలవేమోనన్న అనుమానం పట్టుకుంటుందట, బిడ్డని రొమ్ముకి పెట్టడం తగ్గిస్తుందట, నిజంగానే పాలు తగ్గుతాయట. అందుకే ముందు తల్లి పక్కన కూర్చుని మాట్లాడి, ఆ తర్వాతే అవసరమైతే డబ్బా ఇస్తానంది.

తమాషా ఏమిటంటే, నైటీలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి. బాలింతలు కాదు, ఇళ్ళు పోయిన ముసలమ్మలు తీసుకున్నారు. ఒకావిడ జీన్సు పాంటు మీదే తొడుక్కుని, చక్కగా గాలి ఆడుతోందని జిమ్ అంతా తిరిగి చూపించింది. బురద ఎత్తే మగవాళ్ళు కారప్పొడిని గుడ్ల మీద చల్లుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ అడిగారు. కావాలనుకున్నది అక్కర్లేకపోయింది, ఒకరి కోసం తెచ్చింది ఇంకొకరికి చెల్లిపోయింది. మేము ఎవరికి సాయం చేశామో ఆ పూటకి నాకు తెలియలేదు.

భోజనం బడి క్యాంటీన్‌లో. ఉడికించిన చిక్కుడు గింజల పులుసు, మొక్కజొన్న రొట్టె. "ఇది మన పప్పేనే," అని ఆంటీ అందులో తన కారప్పొడి కలిపి, పక్కన కూర్చున్న పిల్లాడి తల్లికి కూడా ఒక చెంచా వేయబోతే నేను ఆపాను.

మీనాబెన్ మోటెల్

సాయంత్రం బెవ్ మాకు డైపర్ల కట్టలిచ్చి, వీటిని మోటెల్లో దించండి, మీరు కూడా అక్కడే పడుకోవచ్చు అంది. మోటెల్ యజమాని మీనాబెన్ గుజరాతీ ఆవిడ. ఉన్న గదులన్నీ ఇళ్ళు పోయినవాళ్ళకి ఇచ్చేసి, మాకు తన బట్టలుతికే మిషన్ల గదిలో పరుపులు వేసింది. ఫోన్ లైను తెగింది, సెల్ సిగ్నల్ కూడా రావడం లేదు. వేడి వేడి ఖిచిడీ పెట్టి, "మీరు చెన్నై వైపా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళుగా అమెరికాలో ఈ ప్రశ్నకి కోపం తెచ్చుకుంటున్నాను, ఆ రోజు ఓపిక లేక ఔనన్నాను.

ఖిచిడీతో పాటు పెరుగు ఇవ్వడానికి ఫ్రిజ్ తెరిచినప్పుడు పైన ఫ్రీజర్‌లో బటానీ పొట్లాల పక్కన చిన్న చిన్న సీసాలు వరసగా కనబడ్డాయి. "అవి కైలీ పాలు," అంది మీనాబెన్. "చివరి గది. వెళ్ళి చూడండి, ఎవరైనా మాట్లాడితే బాగుంటుంది ఆ పిల్లకి."

కైలీకి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. గది బయట సిమెంటు గట్టు మీద కూర్చుని ఉంది, కాళ్ళకి చెప్పుల్లేవు, తడి జుట్టు, చేతిలో ఐసు ముక్కలు వేసుకున్న కూల్‌డ్రింకు. మమ్మల్ని చూడగానే లోపలున్న ఒక్క కుర్చీ తెచ్చి ఆంటీకి వేసి, నాకు తన దగ్గరున్న ఇంకో కూల్‌డ్రింకు డబ్బా ఇచ్చింది. ఇల్లూ కారూ కొట్టుకుపోయిన మనిషి మాకు మర్యాద చేస్తుంటే వద్దనాలో తీసుకోవాలో తెలియలేదు. తీసుకున్నాను.

బిడ్డ నెలలు నిండకుండానే ఆపరేషన్‌తో పుట్టింది. ఆడపిల్ల. కొండకి అవతల పట్నంలో పెద్దాసుపత్రిలో పెట్టారు. కైలీ కొన్నాళ్ళు అక్కడే కుర్చీలో పడుకుంది. ఇంటికెళ్ళి ఒక్క రోజు నిద్రపోయి రమ్మని నర్సులే పంపారట. ఆ రోజే వాగు పొంగింది. అప్పటి నుంచి ఆసుపత్రికి వెళ్ళలేదు. దగ్గర దారిలో వంతెన పోయింది, చుట్టుదారి చాలా దూరం, కారు లేదు. భర్త కోడీ ఆ తెగిన రోడ్డు బాగుచేసే పనిలోనే ఉన్నాడు, పొద్దున వెళ్తే చీకటి పడ్డాక వస్తాడు.

"రోజంతా పిండుతూనే ఉంటాను," అని బెవ్ ఇచ్చిన, పాలు పిండుకునే చేతి పంపు చూపించింది. "మొదట్లో సీసా నిండేది. ఇప్పుడు అడుగున కాస్త. నా పాలు ఇక్కడున్నాయి, పాప అక్కడుంది. ఇవి అక్కడికి చేరేలోపు నాకు పూర్తిగా ఆగిపోతాయేమో."

ఫోన్‌లో ఫొటో చూపించింది. ముక్కులో సన్నటి గొట్టం, తలకి ఊలు టోపీ, అరచేయంత మొహం. ఆంటీ ఆ ఫోన్ తీసుకుని చాలాసేపు ఇవ్వలేదు.

"రేపు మీరు ఎటు వెళ్తున్నారు?" అని అడిగింది కైలీ.

"మా సామాను దించేశాం. రేపు ఆ ఆసుపత్రికే వెళ్ళగలం," అన్నాను. ఆ పిల్ల మొహం వెలిగింది. ఆ వెలుగు నేను చూశాను. చూసి, అది పాల గురించే అనుకున్నాను.

ఈలోపు ఆంటీ కైలీ పాదాలు పట్టుకుని చూస్తున్నారు. "మంచుగడ్డల్లా ఉన్నాయే! పచ్చి బాలింత, తల తడి, చేతిలో ఐసు. కడుపు కోసిన మనిషిని ఎవరే ఇట్లా గాలికి కూర్చోబెట్టింది? ఆ వంకర రోడ్ల మీద తిప్పితే కుట్లు ఏమవుతాయి? ఇది కదలడానికి వీల్లేదు. పాలు మనం పట్టుకెళ్దాం, ఇది దుప్పటి కప్పుకుని పడుకుంటుంది." అంటూనే మేజోళ్ళు తొడిగేశారు, తలకి స్కార్ఫు కట్టేశారు.

నాకూ అదే సబబనిపించింది. నేను కన్నప్పుడు మా అమ్మ ఎడిసన్ అపార్ట్‌మెంట్‌లో నన్ను గడప దాటనివ్వలేదు. బాలింతని కదలనివ్వకపోవడమే ప్రేమ అని నా ఒంట్లో ఇంకిపోయింది. "మీరు హాయిగా పడుకోండి, పాలు మేము చేరుస్తాం," అని ఇంగ్లీషులో చెప్పాను.

కైలీ ఏదో అనబోయి ఆగింది. తర్వాత, "మీరు చాలా మంచివాళ్ళు," అంది. నేను ఉబ్బిపోయాను.

కొండకి అవతల

మర్నాడు పొద్దున్నే మీనాబెన్ పెద్ద ఐసు పెట్టెలో సీసాలు సర్ది, మోటెల్ మిషన్‌లోంచి ఐసు ముక్కలు గుమ్మరించింది. వ్యాన్ తేలికగా ఉంది. మలుపు తిరిగినప్పుడల్లా పెట్టె వెనక సీట్ల మధ్య అటూ ఇటూ జారుతుంటే, నేను వెళ్ళి దాని పక్కన కూర్చుని చెయ్యి వేసి పట్టుకున్నాను. ఆ దారి గురించి ఎక్కువ రాయను. విక్టర్ రెండుసార్లు ఆపి గాలి పీల్చుకున్నాడు, ఆంటీ కళ్ళు మూసుకుని పాటలు పాడారు.

ఆసుపత్రిలో నెలలు నిండని పిల్లల వార్డు తలుపుకి గాజు ఉంది. బల్ల దగ్గర కూర్చున్న నర్సుకి పెట్టె అప్పగించి, ఏదో ఒలింపిక్ పతకం తెచ్చినట్టు నిలబడ్డాను. ఆమె ఒక సీసా తీసి అటూ ఇటూ తిప్పింది.

"లేబుల్ ఏది?"

ఆసుపత్రి ఇచ్చిన స్టిక్కర్లు వరదలో పోయాయి. కైలీ ప్రతి సీసా మీదా మార్కర్‌తో తన పేరు రాసింది. ఐసు తడికి అది నీలం మరకయింది.  ఇలాంటి సీసా నా బల్ల మీదికి వస్తే నేనేం చేస్తానో నాకు బాగా తెలుసు.

"ఇవి ఎవరి పాలో నాకు ఎలా తెలుస్తుంది? తల్లి వచ్చి, ఇవి నావి అని చెప్పాలి," అంది నర్సు. కోపంగా కాదు. "తల్లి ఎక్కడ?"

"విశ్రాంతి తీసుకుంటోంది."

"ఎక్కడ?"

"మోటెల్లో. మేమే పడుకోమన్నాం."

నర్సు నా వైపు చూసిన చూపు నాకు చాలాకాలం గుర్తుంటుంది. "మేము ఆమె కోసం ఎదురు చూస్తున్నాం. ఫోన్ కలవడం లేదు. వేరే తల్లులు దానమిచ్చిన పాలతో నెట్టుకొస్తున్నాం. పాపని గుండెల మీద పడుకోబెట్టుకోవడానికి ఆమె కావాలి. అది ఇంకెవరూ చేయలేరు." అంతకన్నా పాప గురించి ఏమీ చెప్పలేనంది. మేము బంధువులం కాము కదా. చూడనివ్వనూ లేదు.

"ఏమందే?" అని ఆంటీ అడిగారు. చెప్పాను. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయారు. "పడుకోబెడితే తప్పా రాణీ? పడుకోబెట్టడం కూడా తప్పేనా?" అన్నారు. నాకు కోపమొచ్చింది, ఎవరి మీదో తెలియదు. పెట్టె ఎత్తుకుని బయటికొచ్చాను.

మళ్ళీ మోటెల్

తిరుగు దారిలో బడి దగ్గర ఆగి బెవ్‌ని అడిగాను, కైలీ ప్రయాణం చెయ్యొచ్చా అని.

"ఎప్పుడో చెయ్యొచ్చు! కుట్లు మానాయి, బీపీ బాగుంది. అటు వెళ్ళే బండి కోసం కనబడిన వాళ్ళందరినీ అడుగుతున్నాను. మిమ్మల్ని అడగలేదా నేను?" ఒక్క క్షణం ఆగి తల పట్టుకుంది. "అడగలేదు. అడిగాననుకున్నాను. ఈ వారం నాకు ఏ రోజు ఏదో తెలియడం లేదు హనీ."

మోటెల్ చేరేసరికి సాయంత్రమైంది. మీనాబెన్ ఎదురొచ్చి, అయ్యో కరిగిపోతున్నాయి అంటూ పెట్టె లాక్కుని సీసాలన్నీ మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టేసింది. నేను పక్కనే నిలబడి చూశాను. కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించకూడదు. ఆఫీసులో ఎవరైనా ఈ పని చేస్తే నేను పెట్టే కేకలు అంతస్తంతా వినబడతాయి. ఆ వంటింట్లో మాత్రం నాకు ఏమీ తట్టలేదు. రేపు పొద్దున వస్తావా అని కైలీని ఎలా అడగాలా అన్న ఆలోచనలోనే ఉన్నాను.

అడిగితే, కైలీ వెంటనే బూట్ల కోసం వెతకడం మొదలుపెట్టింది. రేపు పొద్దున అని రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

మర్నాడు మీనాబెన్ సీసాలు మళ్ళీ ఐసు పెట్టెలో సర్ది ఇచ్చింది. ఆంటీ దుప్పటి, దిండు, మేజోళ్ళు అన్నీ పట్టుకుని వ్యాన్ ఎక్కారు. "బాలింత కదలకూడదనే అంటాను నేను, ఇప్పటికీ అంటాను," అని నాతో గొడవ పెట్టుకున్నారు.  "కానీ ఇది వెళ్ళాలి," అన్నారు వెంటనే. దారి పొడుగునా కైలీ పొట్టకి దిండు అడ్డం పెట్టి, మలుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అదిమి పట్టుకున్నారు. కైలీ ఒకసారి వెనక్కి తిరిగి సీట్లన్నీ చూసింది. 

గాజు తలుపు

అదే నర్సు ఉంది. కైలీ చేతికి పేరున్న ఆసుపత్రి పట్టీ వేసింది, సీసాలు చూపించమంది. ఇవి నావే అంది కైలీ. కొత్త లేబుళ్ళు అంటించబోతూ నర్సు మామూలుగా అడిగింది: "ఇవి మధ్యలో ఎప్పుడైనా కరిగాయా?"

కైలీకి తెలియదు. ఆంటీకి ప్రశ్న అర్థం కాలేదు. విక్టర్ కార్ పార్కింగ్‌లో ఉన్నాడు. నేను లేదని అంటే అయిపోయేది, ఆ పిల్ల అన్ని రోజుల కష్టం నిలిచేది. గాజు తలుపు వెనక ఆ అరచేయంత మొహం ఉంది.

"కరిగాయి," అన్నాను. "నిన్న దారిలో. తర్వాత మళ్ళీ గడ్డకట్టించాం."

నర్సు తల ఊపి, సీసాలన్నీ ఒక్కొక్కటే వేడి నీళ్ళ కింద కరిగించి సింకులో ఒంపేసింది. కైలీ పక్కనే నిలబడి చూసింది. కుళాయి తిప్పినప్పుడు మాత్రం కళ్ళు మూసుకుంది. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

తర్వాత చేతులు కడిగించి ఆమెని లోపలికి తీసుకెళ్ళారు. గాజులోంచి మాకు ఆమె వీపూ, ఆంటీ కట్టిన పూల స్కార్ఫూ కనబడ్డాయి. కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక నర్సు గొట్టాలు జాగ్రత్తగా పట్టుకుంటే, ఇంకో నర్సు పాపని ఎత్తి చొక్కా లోపల గుండెల మీద పెట్టింది. కైలీ భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. అంతే మేము చూసింది. ఆంటీ గాజుకి నుదురు ఆనించి "స్తోత్రం తండ్రీ, స్తోత్రం" అంటూ ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

చాలాసేపటికి కైలీ బయటికొచ్చింది. చేతిలో చిన్న సీసా, దాని మీద కొత్త లేబుల్. సగానికి పైగా నిండి ఉంది. "పాప నా మీద ఉండగానే చొక్కా తడిసిపోయింది," అంది నవ్వుతూ. "దించాక పంపు పెట్టారు. వారం నుంచీ ఇన్ని రాలేదు. నన్ను ఇక్కడే ఉండమన్నారు, తల్లులకి గది ఉందట."

"పాలన్నీ నా వల్లే పోయాయి. క్షమించు. మొదటి రోజే నిన్ను ఎక్కించుకోవాల్సింది," అన్నాను.

"మీరేం చేస్తారు," అంది కైలీ. నన్ను ఓదార్చడానికే అందనుకుంటాను. "మీ వ్యాన్‌లో చోటు లేదేమో అనుకున్నాను. అందుకే అడగలేదు."

ఆంటీ నా చెయ్యి లాగి, "ఏమంటోందే పిల్ల?" అన్నారు. తెలుగులో చెప్పాను. విన్నాక ఆంటీ కైలీ రెండు బుగ్గలూ నిమిరి, స్కార్ఫు ముడి మళ్ళీ గట్టిగా కట్టి, వ్యాన్ వైపు నడిచారు.

చివరి మజిలీ

అక్కడి నుంచి మేము నేరుగా ఎడిసన్ వెళ్ళిపోవాలి. విక్టర్‌కి మర్నాడు ఆఫీసు. అతను తాళం తిప్పబోయి, అద్దంలో వెనక ఖాళీ సీట్లు చూసి ఆగాడు.

"అక్కా, మనం ఉత్త బండితోనే పోతున్నం కదా," అన్నాడు. "నేను సిక్ లీవ్ పెడ్తా. మోటెల్‌కే పోదాం."

అద్దంలో ఆంటీ తల ఊపడం కనబడింది.

మోటెల్ ముందు బండి ఆగగానే ఆవిడ మాకన్నా ముందు దిగారు. వచ్చిన ఇంగ్లీషంతా కలిపి నాలుగు మాటలు ఉండవు. మొదటి గది నుంచి మొదలుపెట్టి తలుపులు తట్టుకుంటూ వెళ్ళారు. "హాస్పిటల్? హాస్పిటల్? వ్యాన్ ఎంప్టీ. కమ్!" మొదటి గదిలో ముసలాయన ఏమీ అర్థం కాక, పడుకున్నవాడు లేచి టోపీ పెట్టుకుని వచ్చి, దాని అంచు తాకి దణ్ణం పెట్టాడు. రెండో గది తెరవలేదు. నేను వెనకాల పరుగెత్తుతూ, ఆంటీ ఆగండి, నేను సరిగ్గా చెప్తాను అంటున్నాను.

మూడో తలుపు తీసినామె నిండు గర్భిణి. ఆమె చెయ్యి పట్టుకుని ఒక చిన్న పిల్ల ఉంది. ఆమె ఆంటీని చూసింది, నన్ను చూసింది, మా వెనక నిలబడి ఉన్న వ్యాన్‌ని చూసింది. రెండు రోజులుగా అది అక్కడికి వస్తూ పోతూ ఉండటం ఆమె కిటికీలోంచి చూసే ఉంటుంది.

"నేను స్కానింగ్‌కి వెళ్ళాలి," అంది, పొరుగింట్లో ఏదో వస్తువు అరువు అడిగినట్టు మొహమాటంగా. "ఇద్దరం వస్తాం. చోటుందా?"

"ఉంది," అన్నాను. "మొదటి రోజు నుంచీ ఉంది."